లినక్స్‌లో విండోస్ గేమ్ ఓపెన్ అవ్వట్లేదా? ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి

ఈ రోజు ఎపిసోడ్ ఎవరికోసమంటే, ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నవాళ్ళకోసం. మింట్ వేశారో, ఉబుంటు వేశారో, ఫెడోరా వేశారో, ఏదైనా పర్లేదు. బ్రౌజర్ బాగానే ఉంది, వైఫై వస్తోంది, వీడియోలు ప్లే అవుతున్నాయి. స్టీమ్ ఓపెన్ చేసి గేమ్ మీద ప్లే నొక్కితే మాత్రం, ఆ బటన్ ఓ రెండు సెకన్లు 'స్టాప్' అని మారి, మళ్ళీ 'ప్లే' అయిపోతుంది. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు. ఏం జరిగిందో చెప్పే నాథుడు లేడు.

ఈ మధ్య ఈ సమస్య ఎందుకు ఎక్కువగా వినిపిస్తోందంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ నుంచి పైవే కావాలి. ఇంటర్ అయిపోగానే ఇంట్లోవాళ్ళు కొనిపెట్టిన ఆరో తరం ఐ5 ల్యాప్‌టాప్ ఇంకా గట్టిగానే ఉంటుంది, కానీ విండోస్ 11 లిస్టులో ఉండదు. కొత్తది కొనాలంటే యాభై వేలు. అందుకే చాలామంది లినక్స్ వైపు వస్తున్నారు. మంచిదే. కానీ వచ్చిన మొదటి రోజే గేమ్ ఓపెన్ అవ్వకపోతే, 'ఇది మనకు పడదు' అని వెనక్కి వెళ్ళిపోతారు.

ఈ ప్రయత్నంలో మీరు పోగొట్టుకోకూడనివి మూడున్నాయి. ఒకటి డబ్బు, రెండు మీ సేవ్ ఫైళ్ళు, మూడు మీ ఇంటర్నెట్ డేటా. జీటీఏ ఫైవ్ లాంటి గేమ్ 100 జీబీ పైనే ఉంటుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ మీద హాట్‌స్పాట్ పెట్టుకునేవాళ్ళు దాన్ని మళ్ళీ దించాలంటే యాభై రోజులు. కాబట్టి 'అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్' అనే సలహా ఎవరిచ్చినా, ఒక్క నిమిషం ఆగండి. అది చివర్లో చేసే పని. మొదట్లో చేసేది కాదు.

ఉదాహరణ కావాలి కాబట్టి ఎపిసోడ్ మొత్తం జీటీఏ ఫైవ్‌నే పట్టుకుందాం. మీ గేమ్ వేరేదైనా వరస ఇదే.

అసలు ప్లే నొక్కితే ఏం జరుగుతుంది?

విండోస్ గేమ్ అంటే ఒక డాట్ ఎక్సీ ఫైల్. ఆ ఫైల్ కట్టుబడే వేరు. లినక్స్‌లో ప్రోగ్రామ్ ఫైళ్ళ ఫార్మాట్ పేరు ఈఎల్ఎఫ్, విండోస్‌లో దాని పేరు పీఈ. అందుకే లినక్స్‌కి డాట్ ఎక్సీ ఇస్తే, దాన్ని ఎలా తెరవాలో దానంతట దానికి తెలీదు.

ఇక్కడే వైన్ వస్తుంది. 1993లో మొదలైన ప్రాజెక్ట్ ఇది. వైన్ అంటే ఒక దుబాసీ అనుకోండి. గేమ్ విండోస్ భాషలో 'ఈ ఫైల్ తెరువు, ఇంత మెమరీ ఇవ్వు, కీబోర్డ్‌లో ఏం నొక్కారో చెప్పు' అని అడుగుతుంది. వైన్ దాన్ని లినక్స్‌కి అర్థమయ్యేలా మార్చి అడుగుతుంది. జవాబు వచ్చాక మళ్ళీ విండోస్ భాషలో గేమ్‌కి అందిస్తుంది. లోపల ఎక్కడా విండోస్ ఉండదు.

ఇంకో చిన్న విషయం. వైన్ ప్రాసెసర్ భాషని మార్చదు. ల్యాప్‌టాప్‌లో గేమ్‌కీ ప్రాసెసర్‌కీ భాష ఒకటే కాబట్టి ఆ అవసరమే రాదు. మీ ఫోన్‌లో అలా కాదు. ఫోన్ ప్రాసెసర్ ఆర్మ్ రకం. అందుకే ఫోన్‌లో విండోస్ గేమ్ ఆడించే విన్‌లేటర్ లాంటి యాప్‌లో వైన్‌తో పాటు బాక్స్64 అనే ఇంకో దుబాసీ కూడా ఉంటుంది. ఫోన్‌లో గేమ్ అంత నెమ్మదిగా నడవడానికి అదొక కారణం.

ఇక 2018 ఆగస్టులో స్టీమ్ కంపెనీ వాల్వ్, వైన్‌ని తీసుకుని దానికి గేమ్స్‌కి కావాల్సినవన్నీ కలిపి ప్రోటాన్ అని విడుదల చేసింది. అందులో మనకి ముఖ్యమైన ముక్కలు రెండు. గేమ్ బొమ్మలు గీయడానికి విండోస్‌లో డైరెక్ట్‌ఎక్స్ వాడుతుంది, లినక్స్‌లో దానికి బదులు వల్కన్ ఉంది. డైరెక్ట్‌ఎక్స్ 8 నుంచి 11 వరకు వల్కన్‌లోకి మార్చేది డీఎక్స్‌వీకే. డైరెక్ట్‌ఎక్స్ 12ని మార్చేది వీకేడీ3డీ ప్రోటాన్. వాల్వ్ వాళ్ళ స్టీమ్ డెక్‌లో విండోస్ గేమ్స్ ఈ ప్రోటాన్ మీదే నడుస్తాయి.

ఇంతసేపు ఇది ఎందుకు చెప్పానంటే, గేమ్ నోరు మెదపకుండా మూసుకుపోయిందంటే ఈ గొలుసులో ఒక లింకు తెగింది అన్నమాట. స్టీమ్, ప్రోటాన్, ప్రిఫిక్స్ అనే ఫోల్డర్, వల్కన్, గ్రాఫిక్స్ డ్రైవర్, గేమ్ తాలూకు లాంచర్, యాంటీ చీట్. ఏ లింకు తెగిందో చూడకుండా కనపడిన సలహా అల్లా చేసుకుంటూ పోతే పుండు ఒకచోట, మందు ఒకచోట అవుతుంది.

మొదటి ప్రశ్న: ఈ గేమ్ లినక్స్‌లో ఆడటానికి వీలుందా?

ఏమీ ముట్టుకోకముందే ఇది చూడాలి. ఎందుకంటే కొన్ని గేమ్స్ విషయంలో మీరు రాత్రంతా కూర్చున్నా లాభం లేదు.

కారణం యాంటీ చీట్. ఎంట్రన్స్ పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ ఎలాగో ఇది అలాగ. కొన్ని గేమ్స్‌లో ఈ ఇన్విజిలేటర్ విండోస్ కెర్నల్ లోపల కూర్చుంటానంటాడు. వాలరెంట్‌లో ఉండే వాన్‌గార్డ్ అలాంటిదే. లినక్స్‌లో విండోస్ కెర్నల్ లేదు కాబట్టి కూర్చోడానికి కుర్చీ లేదు. వైన్ ఆ కుర్చీ వేయలేదు. అంతే, కథ అక్కడితో ముగిసింది.

ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ అనేవి వేరే రకం. ఈ రెండూ 2021లో ప్రోటాన్‌కి సపోర్ట్ ప్రకటించాయి. కానీ ఒక మెలిక ఉంది. గేమ్ తయారుచేసినవాళ్ళు తమ గేమ్‌కి దాన్ని ఆన్ చేయాలి. చేసినవాళ్ళున్నారు, చేయనివాళ్ళున్నారు. ఫోర్ట్‌నైట్ వాళ్ళు చేయలేదు. ఎపెక్స్ లెజెండ్స్ అయితే చాలాకాలం లినక్స్‌లో బాగా నడిచి, 2024 అక్టోబర్ ఆఖర్లో చీటింగ్ కారణం చెప్పి ఆపేశారు. అంటే నిన్న నడిచింది రేపు నడుస్తుందని గ్యారంటీ లేదు.

మన జీటీఏ ఫైవ్ సంగతి చూస్తే, 2024 సెప్టెంబర్‌లో ఆన్‌లైన్ మోడ్‌కి బ్యాటిల్‌ఐ పెట్టారు, లినక్స్‌కి ఆన్ చేయలేదు. కాబట్టి ఆన్‌లైన్ ఆడలేరు. స్టోరీ మోడ్ ఆడొచ్చు. ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్ ఆడటానికే కొనాలనుకుంటే, లినక్స్ కోసం కొనకండి. ఈ ఒక్క విషయం కొనకముందే తెలిస్తే డబ్బు మిగులుతుంది.

మీ గేమ్ సంగతి తెలుసుకోడానికి రెండు చోట్లు. ప్రోటాన్‌డీబీలో గేమ్ పేరు కొడితే, ఆడినవాళ్ళ రిపోర్టులు కనిపిస్తాయి. ప్లాటినం, గోల్డ్ అని ఉన్న రంగు చూసి వదిలేయకండి. తేదీ చూసి, ఈ మధ్య రాసిన రిపోర్టులు చదవండి. మీలాంటి గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నవాళ్ళు ఏం రాశారో అది ముఖ్యం. ఆన్‌లైన్ గేమ్ అయితే 'ఆర్ వీ యాంటీ చీట్ యెట్' అనే సైట్ చూడండి. ఏ గేమ్‌లో ఏ యాంటీ చీట్ ఉంది, లినక్స్‌లో పని చేస్తుందా లేదా అని పేరు పేరునా ఉంటుంది.

వర్చువల్ మెషీన్‌లో విండోస్ పెట్టి యాంటీ చీట్‌ని మోసం చేసే చిట్కాలు మీకు కనిపిస్తాయి. చేయకండి. అకౌంట్ బ్యాన్ అయితే, అందులో కొన్నవన్నీ పోతాయి.

రెండో ప్రశ్న: గేమ్ ఏ డ్రైవ్‌లో ఉంది?

విండోస్ నుంచి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. గేమ్ అంతకుముందు విండోస్‌లో ఉన్నప్పుడు డీ డ్రైవ్‌లో దించుకున్నారు. లినక్స్ వేశాక ఆ డ్రైవ్‌ని అలాగే ఉంచి, స్టీమ్‌కి 'గేమ్ ఇక్కడుంది చూడు' అని చూపించారు. స్టీమ్ చూసింది, ఇన్‌స్టాల్ అయినట్టే చెప్పింది. ప్లే నొక్కితే మాత్రం ఏమీ లేదు.

ఎందుకంటే ఆ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్, అంటే విండోస్ ఫైల్ సిస్టమ్. ప్రోటాన్ ప్రతి గేమ్‌కీ ఒక ఉత్తుత్తి సీ డ్రైవ్ తయారుచేస్తుంది. దాన్నే ప్రిఫిక్స్ అంటారు. గేమ్ ఏ డ్రైవ్‌లో ఉంటే ఆ డ్రైవ్‌లోనే, స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌లో, 'కంపాట్‌డేటా' అనే ఫోల్డర్ కింద ఇది ఉంటుంది. ఇందులో షార్ట్‌కట్ లాంటి సింబాలిక్ లింకులు ఉంటాయి, వాటి పేర్లలో కోలన్ గుర్తు కూడా ఉంటుంది. సీ కోలన్, జెడ్ కోలన్ అని. విండోస్ ఫైల్ పేర్లలో కోలన్ పనికిరాదు. దాంతో ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద ప్రిఫిక్స్ సరిగ్గా తయారవ్వదు, లేదా కొన్నాళ్ళకి పాడవుతుంది.

డ్యూయల్ బూట్ ఉంటే ఇంకో తంటా. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా నిద్ర లేచి వెళ్ళిపోదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ ఆ డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, రాయనివ్వదు. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి దాన్ని ఆఫ్ చేయండి.

అసలు పరిష్కారం గేమ్‌ని లినక్స్ పార్టిషన్‌లోకి, అంటే ఈఎక్స్‌టీ4 లాంటి దాంట్లోకి మార్చడం. మళ్ళీ డౌన్‌లోడ్ అక్కర్లేదు. స్టీమ్‌లో గేమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, అక్కడ మూవ్ ఇన్‌స్టాల్ ఫోల్డర్ ఉంటుంది. అది కుదరకపోతే 'స్టీమ్‌యాప్స్'లో 'కామన్' లోపల ఉన్న గేమ్ ఫోల్డర్‌ని, పేరు మార్చకుండా, లినక్స్ వైపున్న స్టీమ్‌లో అదే 'కామన్' లోపల కాపీ చేయండి. తర్వాత స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కండి. అది ఉన్న ఫైళ్ళని గుర్తుపట్టి, సరిచూసుకుని, తక్కువైనవి మాత్రమే దించుకుంటుంది. 100 జీబీ మిగిలినట్టే.

స్టీమ్‌ని ఎలా ఇన్‌స్టాల్ చేశారన్నది కూడా ఒకసారి చూసుకోండి. ఫ్లాట్‌ప్యాక్ అయితే అది మామూలుగా మీ వేరే డ్రైవ్‌లని చూడలేదు. ఫ్లాట్‌సీల్ అనే యాప్‌లో పర్మిషన్ ఇవ్వాలి. ఉబుంటులో స్నాప్ స్టోర్ నుంచి వేసుకుంటే, దాన్ని తీసేసి స్టీమ్ సైట్‌లో ఉండే డెబ్ ఫైల్ వేసుకోండి. స్నాప్ వర్షన్‌తో వస్తున్న సమస్యలు చూసి, 2024 జనవరిలో వాల్వ్ ఇంజినీర్ ఒకరు ఇదే సలహా బహిరంగంగా ఇచ్చారు. అయితే తీసేముందు అందులో ఉన్న గేమ్ ఫోల్డర్లు, సేవ్‌లు పక్కకి కాపీ చేసుకోవడం మర్చిపోకండి.

మూడో ప్రశ్న: వల్కన్ పని చేస్తోందా?

టెర్మినల్ అంటే భయపడొద్దు, ఒకే ఒక్క కమాండ్. ముందు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'వల్కన్ టూల్స్' అనే ప్యాకేజ్ ఇన్‌స్టాల్ చేసుకోండి. తర్వాత టెర్మినల్‌లో 'వల్కన్ఇన్ఫో' అని అన్నీ చిన్నక్షరాల్లో కలిపి కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు హైఫన్‌లు, 'సమ్మరీ' అని కొట్టండి.

వచ్చిన దాంట్లో డివైస్ నేమ్ చూడండి. మీ ఇంటెల్, ఏఎండీ లేదా ఎన్విడియా కార్డ్ పేరు కనిపించాలి. దాంతో పాటు 'ఎల్ఎల్‌వీఎం పైప్' అని ఇంకోటి కనిపించినా కంగారు అక్కర్లేదు, అది మామూలే. కానీ అదొక్కటే కనిపిస్తే మాత్రం మీ గ్రాఫిక్స్ కార్డ్‌కి డ్రైవర్ లేదు, బొమ్మలు గీసే పని ప్రాసెసరే చేస్తోంది అని అర్థం. గేమ్ రాకపోవడానికి అదే కారణం.

ఎన్విడియా ఉన్నవాళ్ళు మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ ఓపెన్ చేసి, రికమెండెడ్ అని ఉన్నది వేసుకోండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అది ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేశాక నీలం స్క్రీన్ వస్తుంది, అందులో 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది ఆ నీలం స్క్రీన్ చూసి భయపడి కంటిన్యూ నొక్కేస్తారు. అప్పుడు డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినట్టే ఉంటుంది కానీ లోడ్ అవ్వదు.

అదే రిజల్ట్‌లో ఏపీఐ వర్షన్ కూడా చూడండి. అది 1.3 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. ప్రోటాన్ 8 నుంచి వల్కన్ 1.3 తప్పనిసరి. ఎన్విడియా 600, 700 సిరీస్‌లో ఎక్కువ కార్డులకి ఆఖరి డ్రైవర్ 470. దాంతో వల్కన్ 1.2 వరకే వస్తుంది. అలాంటి పాత ల్యాప్‌టాప్ అయితే కొత్త ప్రోటాన్‌లు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు. ప్రోటాన్ 7.0 ఎంచుకోండి. గేమ్ మరీ పాతదీ, బరువు లేనిదీ అయితే అది నడిచే అవకాశం బాగా ఉంది.

రెండు గ్రాఫిక్స్ కార్డులున్న ల్యాప్‌టాప్‌లో గేమ్ పొరపాటున ఇంటెల్ మీద తెరుచుకోవచ్చు. ఎన్విడియా అయితే లాంచ్ ఆప్షన్స్‌లో 'ప్రైమ్ హైఫన్ రన్', స్పేస్, పర్సంట్ గుర్తు, 'కమాండ్', మళ్ళీ పర్సంట్ గుర్తు. ఈ ప్రైమ్ రన్ మీ డిస్ట్రోలో ఉంటేనే పని చేస్తుంది. అన్నీ చిన్నక్షరాలే.

ఇంకోటి. పాత గేమ్స్ చాలావరకు 32 బిట్‌వి. వాటికి 32 బిట్ వల్కన్ డ్రైవర్ విడిగా కావాలి. కొత్త గేమ్స్ వస్తున్నాయి, పాతవి మాత్రమే రావట్లేదంటే అనుమానించాల్సింది దీన్నే.

నాలుగో ప్రశ్న: ఏ ప్రోటాన్?

గేమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ. అక్కడ 'ఫోర్స్' అని మొదలయ్యే ఒక టిక్ బాక్స్ ఉంటుంది. టిక్ పెడితే ప్రోటాన్ వర్షన్ల లిస్ట్ వస్తుంది. ముందు లిస్ట్‌లో నంబర్ ఉన్నవాటిలో కొత్తది, అది రాకపోతే ప్రోటాన్ ఎక్స్‌పెరిమెంటల్, అదీ రాకపోతే ఒక పాత నంబర్. ఈ మూడూ చూడండి చాలు.

గేమ్ ఓపెన్ అయి, మధ్యలో వచ్చే వీడియో దగ్గర నల్ల స్క్రీన్ వచ్చి ఆగిపోతోందంటే అది వీడియో కోడెక్ సమస్య అయ్యుండొచ్చు. అప్పుడు ప్రోటాన్ జీఈ వాడి చూడండి. వాల్వ్ బయట ఒక డెవలపర్ తయారుచేసే ప్రోటాన్ ఇది. 'ప్రోటాన్ అప్ క్యూటీ' అనే యాప్‌తో నాలుగు క్లిక్కుల్లో వచ్చేస్తుంది.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ప్రోటాన్ మార్చి, లాంచ్ ఆప్షన్ పెట్టి, డ్రైవర్ కూడా మార్చేస్తే, గేమ్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలీదు. రేపు ఇంకో గేమ్ ఆగిపోతే మళ్ళీ మొదటికే. ఫోన్‌లో నోట్స్ తెరిచి ఏం మార్చారో, ఏమైందో ఒక్కో లైను రాసుకోండి.

ఐదో ప్రశ్న: ప్రిఫిక్స్ పాడైందా?

నిన్నటిదాకా వచ్చిన గేమ్ ఇవాళ రావట్లేదు, ముఖ్యంగా ప్రోటాన్ వర్షన్లు అటూ ఇటూ మార్చాక రావట్లేదంటే, ప్రిఫిక్స్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. దానికి చాలామంది చెప్పే మందు 'కంపాట్‌డేటాలో గేమ్ ఫోల్డర్ డిలీట్ చెయ్' అని.

ఇక్కడ జాగ్రత్త. మీ సేవ్ ఫైళ్ళు ఎక్కువ గేమ్స్‌లో ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి. స్టీమ్ క్లౌడ్ ఉందిలే అని ధైర్యపడొద్దు, అన్ని గేమ్స్‌కీ అది ఉండదు. రెండు నెలలు ఆడిన స్టోరీ ఒక్క డిలీట్‌తో పోతుంది.

డిలీట్ చేయకండి, పేరు మార్చండి. ఫైల్ మేనేజర్‌లో హోమ్ ఫోల్డర్‌కి వెళ్ళి కంట్రోల్, హెచ్ నొక్కితే దాక్కున్న ఫోల్డర్లు కనిపిస్తాయి. అక్కడ వరసగా డాట్ లోకల్, షేర్, స్టీమ్, స్టీమ్‌యాప్స్, కంపాట్‌డేటా. లోపల అన్నీ నంబర్లే ఉంటాయి. ప్రతి గేమ్‌కీ స్టీమ్ ఇచ్చిన నంబర్ అది. జీటీఏ ఫైవ్ నంబర్ 271590. స్టోర్ పేజీ అడ్రస్‌లోనే మీ గేమ్ నంబర్ కనిపిస్తుంది. ఆ ఫోల్డర్ పేరు చివర 'ఓల్డ్' అని చేర్చండి. మళ్ళీ ప్లే నొక్కితే స్టీమ్ కొత్త ప్రిఫిక్స్ తయారుచేస్తుంది.

గేమ్ వచ్చిందా? అయితే పాత ఫోల్డర్‌లో పీఎఫ్ఎక్స్, డ్రైవ్ సీ, యూజర్స్, స్టీమ్‌యూజర్ అని లోపలికి వెళ్ళి, డాక్యుమెంట్స్‌లో గానీ యాప్‌డేటాలో గానీ ఉన్న మీ గేమ్ ఫోల్డర్‌ని కొత్తదాంట్లో అదే చోట పెట్టండి. జీటీఏ ఫైవ్‌కి అది డాక్యుమెంట్స్‌లో రాక్‌స్టార్ గేమ్స్ అనే ఫోల్డర్. గేమ్ రాలేదా? అయితే తప్పు ప్రిఫిక్స్‌ది కాదు. కొత్తది తీసేసి పాతదాని పేరు మళ్ళీ మామూలుగా పెట్టేయండి, నష్టమేమీ లేదు.

ఆరోది: గేమ్‌నే అడుగుదాం

ఇంతవరకు చేసినా రాకపోతే, ఇక ఊహలు చాలు. గేమ్ ఎందుకు చచ్చిపోయిందో లాగ్ ఫైల్‌లో ఉంటుంది.

ప్రాపర్టీస్‌లో జనరల్, అక్కడ లాంచ్ ఆప్షన్స్ బాక్స్. అందులో పెద్దక్షరాల్లో ప్రోటాన్, అండర్‌స్కోర్, పెద్దక్షరాల్లో లాగ్, ఈక్వల్ టు గుర్తు, 1. తర్వాత స్పేస్. తర్వాత పర్సంట్ గుర్తు, చిన్నక్షరాల్లో కమాండ్, పర్సంట్ గుర్తు. ప్లే నొక్కండి, గేమ్ మూసుకుపోనివ్వండి. ఇప్పుడు హోమ్ ఫోల్డర్‌లో స్టీమ్, హైఫన్, గేమ్ నంబర్ పేరుతో ఒక లాగ్ ఫైల్ వచ్చి ఉంటుంది.

ఓపెన్ చేస్తే వేల లైన్లుంటాయి. కంగారుపడకండి. 'ఫిక్స్‌మీ' అని మొదలయ్యేవి దాదాపు అన్నీ వదిలేయొచ్చు. అవి వైన్ రాసేవాళ్ళు తమకోసం పెట్టుకున్న గుర్తులు, బాగా నడిచే గేమ్‌లో కూడా వందల్లో ఉంటాయి. మీరు వెతకాల్సింది 'ఈఆర్ఆర్ కోలన్' అని ఉన్నవి. అది కూడా ఫైల్ చివరి భాగంలో.

అక్కడ ఏదో డీఎల్ఎల్ పేరు ఉండి, పక్కన 'నాట్ ఫౌండ్' అని ఉందంటే ఆ ఫైల్ దొరక్క గేమ్ ఆగింది. చాలాసార్లు అది విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ ఫైల్ అయ్యుంటుంది. ప్రోటాన్‌ట్రిక్స్ అనే యాప్‌లో మీ గేమ్ ఎంచుకుని దాన్ని ఇన్‌స్టాల్ చేయొచ్చు. సీ తర్వాత నాలుగు సున్నాలు, 135 అనే కోడ్ కనిపించినా అర్థం ఇదే, డీఎల్ఎల్ దొరకలేదని. సీ తర్వాత ఆరు సున్నాలు, 5 అని ఉంటే, గేమ్ తనది కాని మెమరీలో వేలు పెట్టి చచ్చిపోయిందని. రెండోది వచ్చిందంటే మోడ్‌లు తీసేసి, స్టీమ్‌లో ఫైల్స్ వెరిఫై చేసి, ప్రోటాన్ మార్చి చూడాలి. వల్కన్ అనే మాటతో ఎర్రర్ ఉంటే మూడో ప్రశ్నకి వెనక్కి వెళ్ళండి.

జీటీఏ ఫైవ్‌కి అయితే బ్యాటిల్‌ఐ దగ్గర ఆగిపోతుంటే, స్టోరీ మోడ్ కోసం లాంచ్ ఆప్షన్స్‌లో హైఫన్, 'నోబ్యాటిల్‌ఐ' అని పెట్టొచ్చు. పని అయ్యాక లాగ్ ఆప్షన్ తీసేయడం మర్చిపోకండి, ఫైల్ పెరుగుతూనే ఉంటుంది, గేమ్ కూడా నెమ్మదిస్తుంది.

డబ్బు సంగతి

స్టీమ్‌లో కొని 14 రోజులు దాటకపోతే, ఆడిన టైం 2 గంటల లోపుంటే రీఫండ్ అడగొచ్చు. కారణంగా 'నా సిస్టమ్‌లో ఓపెన్ అవ్వట్లేదు' అని చెప్పొచ్చు. కానీ గమనించండి, గేమ్ కనపడకపోయినా బటన్ మీద 'స్టాప్' అని ఉన్నంతసేపు ఆ టైం మీ లెక్కలో పడుతుంది. నల్ల స్క్రీన్ వచ్చిందని వదిలేసి భోజనానికి వెళ్తే ఒక గంట హుష్‌కాకి. స్టాప్ నొక్కి వెళ్ళండి. లైబ్రరీలో ఆ టైం కనిపిస్తూనే ఉంటుంది, గంటన్నర దాటిందంటే ట్రబుల్‌షూటింగ్ ఆపి రీఫండ్ పెట్టేయండి. తర్వాత సేల్‌లో మళ్ళీ కొనుక్కోవచ్చు. బయటి సైట్‌లో చవగ్గా కీ కొన్నవాళ్ళకి స్టీమ్ ఈ రీఫండ్ ఇవ్వదు.

క్రాక్ గేమ్స్ గురించి ఒక్కమాట. 'లినక్స్‌లో వైరస్ రాదు కదన్నా' అనుకుంటారు. వైన్ అనేది తాళం వేసిన గది కాదు. మామూలుగా వైన్‌లో జెడ్ డ్రైవ్ అంటే మీ లినక్స్ మొత్తం ఫైల్ సిస్టమ్. మీరు నడిపిన డాట్ ఎక్సీ మీ హోమ్ ఫోల్డర్‌లో ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, బ్రౌజర్ ఫైళ్ళు అన్నీ చదవగలదు. ఎవరో ఇచ్చిన ఇన్‌స్టాలర్‌ని నడిపేముందు అది గుర్తుంచుకోండి.

ఇంకా రాకపోతే

ఎవరినైనా అడగాల్సిందే. అయితే 'బ్రో గేమ్ రావట్లేదు, హెల్ప్' అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఐదు విషయాలు ఇవ్వండి. గేమ్ పేరు, మీ డిస్ట్రో పేరు వర్షన్, గ్రాఫిక్స్ కార్డ్ డ్రైవర్, వాడిన ప్రోటాన్, లాగ్ ఫైల్. మొదటి మూడింట్లో చాలావరకు స్టీమ్‌లో హెల్ప్, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో దొరుకుతాయి. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపకండి, లాగ్ ఫైల్‌నే పంపండి. అందులో మీ యూజర్ నేమ్ ఉంటుంది, కావాలంటే దాన్ని మార్చి పంపండి.

ఎపిక్, గాగ్ గేమ్స్ ఆడేవాళ్ళు హీరోయిక్ లాంచర్ వాడండి. వరస మాత్రం ఇదే. ముందు యాంటీ చీట్, తర్వాత డ్రైవ్, తర్వాత వల్కన్, తర్వాత ప్రోటాన్, తర్వాత ప్రిఫిక్స్, చివరికి లాగ్. ఈ పేజీని ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో ఒక్కోటీ చేసుకుంటూ వెళ్ళండి. ఒక సాయంత్రం పడుతుంది, అంతే.

ఇదండీ ఈ వారం ఎపిసోడ్. వచ్చే ఎపిసోడ్‌లో గేమ్ ఓపెన్ అయ్యాక ఎఫ్‌పీఎస్ ఎందుకు పడిపోతుందో మాట్లాడుకుందాం. అంతవరకు ఉంటాను, బై.